ఇత్తడి డబ్బీలో కరక్కాయ

వేణుగోపాలరావుకి అర్థం కాని సంగతులు లోకంలో చాలానే ఉన్నాయి గానీ అవేవీ ఆయన్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. బరంపురం బడా బజార్‌లో తాతల నాటి మందు దినుసుల కొట్టు ఆయనది. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయ, తానికాయ, వస కొమ్ములు, అన్నీ డబ్బాల్లో వరసగా ఉంటాయి. ఆయనకి తెలిసిన లోకం అదే, అది ఆయనకి చాలు. అలాంటి మనిషిని పళ్ళయినా రాని ఒక పసిపిల్ల తికమక పెట్టి మూల కూర్చోబెట్టింది. మనవరాలు చిన్నమ్మికి దొడ్డికి కావడం లేదు.

ఆ పిల్లకి బారసాలనాడు బియ్యంలో రాసిన పెద్ద పేరు వేరే ఉంది. ఇంట్లో అది ఎవరికీ నోరు తిరగదు, అందరికీ చిన్నమ్మే. తల్లి పాల మీద ఉన్నంతకాలం ఏ బాధా లేదు. పొద్దున్నే ఒకసారి, నానమ్మ చీర మార్చుకోగానే ఇంకోసారి, లెక్క తప్పకుండా కానిచ్చేసేది. ఇంటిల్లిపాదీ అన్నప్రాశన చేసి, పరవాన్నం నాలిక మీద పెట్టి, ఫొటోలు తీసుకున్నారు. అక్కణ్ణుంచి వచ్చింది చిక్కు.

ఇంకో సంగతి కూడా సరిగ్గా అప్పుడే వచ్చింది. కోడలు సుశ్మితకి గోపాల్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం. ప్రసవం సెలవు అయిపోయి, పిల్ల అన్నం ముట్టిన వారమే ఆమె డ్యూటీలో చేరాల్సి వచ్చింది. చేరాలా, మానెయ్యాలా అని ఆమె రోజుల తరబడి ఊగిసలాడుతుంటే భరోసా ఇచ్చింది వేణుగోపాలరావే.

"నువ్వు నిశ్చింతగా ఎల్లమ్మా. ఊళ్ళో సగంమంది పిల్లల కడుపులు మన కొట్టుకొచ్చే బాగవుతన్నాయి. మన పిల్ల కడుపు నేను సూసుకోలేనేటి?" అన్నాడు.

అత్తవారింట్లో మావగారి నోట అలాంటి మాట ఎంతమంది ఆడపిల్లలు వింటారు? సుశ్మిత కళ్ళు చెమర్చాయి. మర్నాడే బస్సెక్కింది. అందుకే ఇప్పుడు పిల్ల ముక్కినప్పుడల్లా ఆ మాట వేణుగోపాలరావు చెవిలో తిరిగి వినపడుతోంది.

ముక్కడం అంటే మామూలు ముక్కడం కాదు. మొహం ఎర్రగా కందిపోతుంది, పిడికిళ్ళు బిగుస్తాయి, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతాయి. చివరికి మేకపెంటిక లాంటిది ఒకటి రాలితే రాలినట్టు, లేకపోతే అదీ లేదు. చూస్తున్నవాళ్ళు కూడా తెలియకుండానే పళ్ళు బిగపట్టి ముక్కేవారు. ఏమీ కాకపోయేసరికి అందరూ కలిసి నీరుగారిపోయేవారు.

తలా ఒక మాట మొదలైంది. వేణుగోపాలరావు భార్య బాలాంబ అరటిపండు పెట్టాలంది. అరటిపండు పెడితే ఇంకా బిగుస్తుందని పక్కింటి ఒడియావాళ్ళ పెద్దావిడ గోడ మీంచి అరిచింది. కొడుకు మోహనకృష్ణ ఫోన్లో చూసి, బాగా మాగినదైతే విడుస్తుందట, మాగకపోతే బిగుస్తుందట అని చెప్పాడు. మాగిందో లేదో ఎవరు చెప్పాలి? పండు మచ్చలు చూస్తూ ఇంట్లో నలుగురూ వాదించుకుంటుంటే, ఆ పండు కాస్తా మోహనకృష్ణే వొలుచుకుని తినేసి ఆఫీసుకి పోయాడు.

రాగిజావ మంచిదని ఒకరు, వేడి చేస్తుందని ఒకరు. నీళ్ళు పట్టించమని ఒకరు, ఇంత పసిదానికి నీళ్ళేమిటని ఒకరు. వేణుగోపాలరావుకి బుర్ర తిరిగిపోయింది. కొట్టులో కూర్చుంటే ఎవరికి ఏం కావాలో అడక్కుండానే చెప్పగలడు. ఇంటికొస్తే తన పిల్లకే ఏం కావాలో తెలియదు.

ఆయన మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. వాళ్ళ ఇంట్లో పసిపిల్లలకి స్నానమయ్యాక సానరాయి మీద దినుసులు అరగదీసి, ఆ గంధం కాస్త వేలితో తీసి నాలిక్కి రాస్తారు. దానికోసం ఆయన తల్లి వాడిన ఇత్తడి డబ్బీ ఒకటి ఉంది. మోహనకృష్ణకీ, అతని అక్కచెల్లెళ్ళకీ ఆవిడ అరగదీసిన ముక్కలు ఇంకా అందులోనే ఉన్నాయి, అరిగి అరిగి గోళీకాయలంత అయిపోయి. కొట్టు నిండా సరుకున్నా ఈ పనికి మాత్రం కొత్త ముక్క వాడరు. పెద్దావిడ చెయ్యి పడ్డ ముక్కల్లో ఆవిడ చేతి చలవ ఉందని నమ్మకం.

చిన్నమ్మి పుట్టినప్పుడు ఆయన ఆ డబ్బీ తీసి, దీపం దగ్గరైనా పెట్టి చూడకుండా, "ఇదీ వస, ఇదీ శొంఠి, ఇదిగో కరక్కాయ" అని తేల్చేశాడు. కరక్కాయ అన్నదాన్ని బాలాంబ వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"దీనికి బొక్కుందండీ. పురుగు పట్టిందేటో."

"మా అమ్మ అరగదీసినదాన్ని పురుగు ముట్టుకోదే. బొక్క సూసి బయపడితే మన కొట్టులో ఏదీ అమ్మలేం," అని నవ్వేశాడు.

పాల మీద ఉన్నన్నాళ్ళూ వారానికోసారి వస మాత్రమే తాకించేవారు. ఇప్పుడు దొడ్డికి బిగిసింది గనక కరక్కాయ మొదలుపెట్టాడు. విరేచనానికి కరక్కాయని మించింది లేదని ఆయన నమ్మకం. పిల్ల ఆ వగరుకి మొహం చిట్లించి నాలిక బయట పెట్టేది. "కరక్కాయ మరి, వగరు కాక తీపేటి?" అని ముద్దు చేసేవాడు. మర్నాడు చూస్తే కాలేదు. ఇంకాస్త ఎక్కువ అరగదీశాడు. ఆ మర్నాడు మరీ గట్టి. పొద్దునా సాయంత్రం అరగదీశాడు. పిల్ల మరీ బిగదీసుకుపోయింది. ఎంత పెంచితే అంత బిగుస్తోంది. ఇదేం వింత కడుపో ఆయనకి అంతుపట్టలేదు.

ఇంట్లో మిగతావాళ్ళకీ ఆ గంధం సంగతి తెలుసు. సుశ్మిత రోజూ చూస్తూనే ఉంది. రంభ ఊళ్ళో ఆమె పుట్టింట్లోనూ అదే అలవాటు. బొట్టు పెట్టడం, దిష్టి తియ్యడం ఎలాగో అదీ అలాగే. ఎవరూ దాన్ని తిండి అనుకోలేదు, మందూ అనుకోలేదు.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ఒడియా ఆవిడ, నెమ్మది మనిషి. పిల్ల పొట్ట నొక్కి చూసి, బరువు చూసి, భయపడాల్సిందేమీ లేదంది. అన్నం మొదలుపెట్టినప్పుడు చాలామంది పిల్లలకి ఇలా అవుతుందట. ఏం పెడుతున్నారని అడిగితే సుశ్మిత అన్నం, పప్పు, రాగిజావ, అరటిపండు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది.

"జావ గరిట జారుగా ఉండాలి, ముద్దగా కాదు. పాలు తగ్గించొద్దు. అన్నంతోపాటు చెంచాతో కాసిని నీళ్ళు పట్టండి. అరటిపండు కొన్నాళ్ళు మాని బొప్పాయి మెత్తగా మెదిపి పెట్టండి. ఆకుకూర ఉడికించి పప్పులో కలపండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు సైకిలు తొక్కినట్టు ఆడించండి," అంది డాక్టరమ్మ. తర్వాత బాలాంబ వైపు తిరిగి, "ఆముదం వద్దు. సబ్బుముక్క, తమలపాకు తొడిమ అలాంటివేవీ కింద పెట్టొద్దు. రక్తం కనపడినా, పొట్ట ఉబ్బినా, వాంతులైనా వెంటనే తీసుకురండి," అంది.

బాలాంబ కొంగు సర్దుకుంది. ఆ కొంగుముడిలో పొద్దున్నే తెచ్చిన తమలపాకు తొడిమ ఉందని వేణుగోపాలరావుకి తెలుసు. ఆయన గోడ మీద బొమ్మలు చూశాడు.

"ఇంకేమైనా తినిపిస్తున్నారా?" అంది డాక్టరమ్మ ఆఖరున.

"ఏమీ లేదు," అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అలా అనుకునే చెప్పారు.

డాక్టరమ్మ చెప్పినవన్నీ చేశారు. జావ పల్చన చేశారు, బొప్పాయి మెదిపారు, బాలాంబ పాట పాడుతూ పిల్ల కాళ్ళతో సైకిలు తొక్కించింది. వేణుగోపాలరావు తన వంతుగా కరక్కాయ ఇంకో చుట్టు ఎక్కువ అరగదీశాడు. ఫలితం మాత్రం ఏమీ లేదు. పైగా శుక్రవారం సాయంత్రం, సుశ్మిత బస్సు దిగి గుమ్మంలోకి వచ్చేసరికి పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. బాలాంబ కూడా ఏడుస్తోంది.

సుశ్మిత చెప్పులైనా విప్పకుండా పిల్లని ఎత్తుకుంది. వీపు నిమిరింది. తర్వాత గోడవైపు చూస్తూ అంది.

"నేను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండీది మావయ్యా. నేను ఎల్లబట్టే ఇలాగయింది. పగలంతా పాలు లేక ఎండిపోతంది పసిగుంట. సోమవారం ఎల్లి మేనేజరుతో సెప్పేస్తాను, మానేస్తానని."

"ఒక్క నాలుగు రోజులు సూద్దాం తల్లీ..."

"ఎన్ని నాలుగు రోజులని సూస్తాం?"

ఆమె కోపంగా అని ఉంటే ఆయనకి అంత బాధ ఉండేది కాదు. మెల్లిగా, ఎవరినీ తప్పు పట్టకుండా అంది. ఆ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని పరీక్షలు రాసిందో, పెళ్ళిచూపులనాడు "ఉద్యోగం మానను" అని ఎంత ధైర్యంగా చెప్పిందో ఆయనకి గుర్తుంది. ఆ ధైర్యం చూసే ఆయన ఈ సంబంధం ఖాయం చేశాడు. ఇప్పుడు తన మాట నమ్మి బస్సెక్కిన పిల్ల తన మాట పోబట్టే బస్సు దిగబోతోంది.

శనివారం కొట్టు తెరిచాడే గానీ మనసు అక్కడ లేదు. పిప్పళ్ళు అడిగితే మిరియాలు తీశాడు. అంతలో పుణ్యవతి వచ్చింది. గోపాల్‌పూర్ చేపలవాళ్ళ వాడలో ఉంటుంది, బరంపురం వచ్చినప్పుడల్లా ఆయన కొట్టుకి రాకుండా వెళ్ళదు.

"మనవడికి ఒకటే విరోచనాలు బాబూ. ఆస్పత్రికి తీసుకెల్లినాం, ఉప్పూ పంచదార నీళ్ళు పట్టమన్నారు, పడతన్నాం. మాజుఫలం కూడా ఒకటియ్యి," అంది. మాచికాయని ఒడియాలో మాజుఫలమే అంటారు, ఆ బజార్లో రెండు మాటలూ చెల్లుతాయి.

వేణుగోపాలరావు డబ్బా దింపి, దోసెడు మాచికాయలు తక్కెడపళ్ళెంలో పోశాడు. ఏరడం ఆయన చేతికి అలవాటు, దానికి మనసుతో పని లేదు. వేళ్ళు ఏరుతుంటే నోరు దానంతటది మాట్లాడుతోంది.

"సూసి తీసుకో. ఇదిగో, దీనికి బొక్కుంది సూడు, ఇది వద్దు. లోపలి పురుగు తొలుసుకుని ఎల్లిపోయిన బొక్క. ఒక్క మాచికాయకే ఉంటాది ఇలాటి బొక్క, ఇంకే కాయకీ ఉండదు. బొక్క లేంది తీసుకో. ఒక్కసారి అరగదీసి నాకించినావంటే, ఎలాటి కడుపైనా టక్కున బిగిసి..."

నోరు ఆగిపోయింది. వేళ్ళు కూడా ఆగిపోయాయి.

పుణ్యవతి ఎదురుచూసింది. "బిగిసి?" అంది.

ఆయన బొటనవేలి కింద ఉన్న ఆ కాయ బొక్క, గుండ్రంగా, సూది మొన దిగేటంత ఉంది. రోజూ పొద్దునా సాయంత్రం సానరాయి మీద తన వేలి కింద తగులుతున్నది కూడా ఇదే బొక్క. అమ్మ డబ్బీలో కరక్కాయ ఉండి ఉండాల్సిందే, నిజమే. కానీ పిల్లలకి ఎక్కువ అరగదీసేదీ అదే గనక, అది ఎప్పుడో అరిగి అయిపోయి ఉంటుంది. ఎవరికీ ఎక్కువ అవసరం పడక మిగిలిపోయింది మాచికాయ. తను దానికి కరక్కాయ అని పేరు పెట్టి, పిల్ల నోట్లో పెడుతూ వచ్చాడు. కళ్ళు మూసుకుని పది రకాల కరక్కాయలు చెప్పగలనని విర్రవీగే మనిషి, ఇంట్లో కళ్ళు తెరిచి ఒక్కసారి చూసుకోలేదు.

"ఆస్పత్రివాళ్ళు సెప్పిన నీళ్ళే పట్టు పుణ్యవతీ. ఇదేదీ వద్దులే," అన్నాడు, చేతిలోని కాయ జేబులో వేసుకుంటూ. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. పట్టపగలు, బేరం టైములో, ఆ కొట్టు తలుపు దించడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. ఆయనింట్లో ఎవరైనా పోయారేమోనని పక్క కొట్లవాళ్ళు లేచి నిలబడ్డారు.

ఇంటికి నడిచేంతసేపూ ఆయనకి రెండు ఆలోచనలు. ఆ ముక్క ఎవరూ చూడకుండా పారేసి, గంధం మానేస్తే సరిపోతుంది. పిల్లకి బాగవుతుంది, తన పరువు దక్కుతుంది, ఎవరికీ తెలియదు. కానీ సుశ్మిత? తను డ్యూటీకి వెళ్ళబట్టే పిల్లకిలా అయిందని బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. ఆ తప్పు ఆమె నెత్తిన అలా ఉంచేసి తను పెద్దమనిషిలా తిరగగలడా? గుమ్మంలో కాలు పెట్టేసరికి రెండో ఆలోచనే మిగిలింది.

రెండో శనివారం, బ్యాంకుకి సెలవు, అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఆయన డబ్బీ తీసి ముక్క అరచేతిలో పెట్టుకున్నాడు. కొట్టు నుంచి తెచ్చిన మాచికాయ జేబులోంచి తీసి దాని పక్కన పెట్టాడు. రెండిటికీ ఒకలాంటి బొక్కే.

"అమ్మా సుశ్మితా, పిల్ల కడుపు బిగించింది నేను. నువ్వు ఎల్లడం వల్ల కాదు," అన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

బాలాంబ నోటి మీద చెయ్యి వేసుకుంది. "నేను బొక్కుందన్నాను గదా," అని మాత్రం అనగలిగింది. మోహనకృష్ణ ఫోను పక్కన పెట్టాడు.

సుశ్మిత ఆ రెండు కాయలూ తన చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"డాక్టరమ్మ అడిగినప్పుడు సెప్పలేదేటి మావయ్యా?"

"తిండి కాదు గదా అనుకున్నాను తల్లీ."

"నేనూ అలాగే అనుకున్నాను," అంది ఆమె. తర్వాత కోపం వచ్చింది. రావాల్సిన కోపమే. పిల్లని తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. లోపల్నించి డాక్టరమ్మకి ఫోను చేసి అంతా చెప్పడం వినపడింది. బయటికొచ్చి ఆవిడ మాట చెప్పింది. మాచికాయ, కరక్కాయ, వస, ఏదీ, ఏ రూపంలోనూ పిల్ల నోట్లోకి పోకూడదు. మిగతావన్నీ చెప్పినట్టే చెయ్యాలి, ఓపిక పట్టాలి.

"సోమవారం సంగతి?" అని మోహనకృష్ణ మెల్లిగా అడిగాడు.

"ఎల్తాను. ఎల్లి ఏటి సెప్తానో నాకే తెలీదు," అంది.

ఆదివారం ఏమీ కాలేదు. సోమవారం పొద్దున్న ఆమె పిల్లకి పాలిచ్చి, బొప్పాయి మెదిపి గిన్నెలో పెట్టి, సంచీ భుజాన వేసుకుంది. పిల్లని ఎవరి చేతికివ్వాలా అని ఒక్క క్షణం ఆగి, వేణుగోపాలరావు ఒళ్ళోనే పెట్టింది. గుమ్మం దిగి వెళ్ళిపోయింది. ఆయనకి ఆమె నాలుగు తిట్టి వెళ్ళినా బాగుండుననిపించింది.

ఆ రోజు ఆయన కొట్టు తియ్యలేదు. పిల్లని ఒళ్ళో వేసుకుని వసారాలో కూర్చున్నాడు. బాలాంబ పెసరకట్టు తెచ్చింది, బొప్పాయి పెట్టింది, చెంచాతో నీళ్ళు పట్టింది, కాళ్ళు ఆడించింది. ఆయన పిల్ల మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఏ దేవుడికి మొక్కాలో కూడా తెలియలేదు. ఇలాంటి చిన్న పనికి ఏ దేవుణ్ణి పిలుస్తారు?

చిన్నమ్మి మొహం ఎర్రబడింది. పిడికిళ్ళు బిగించింది. ఆయన కూడా ఊపిరి బిగపట్టాడు. ఈసారి ఏడుపు రాలేదు. పిల్ల ఆయన కళ్ళలోకి కాస్త ఆశ్చర్యంగా చూసింది, అంతే. ఒళ్ళో వెచ్చగా తగిలింది. ఉతికిన తెల్ల పంచె, ఒళ్ళో పరిచిన కండువా, కింద చాప, అన్నీ ఒక్క దెబ్బకి తడిసిపోయాయి.

"ఓలమ్మ నా తల్లే!" అని బాలాంబ రెండు చేతులూ జోడించింది. "లేవండి, కడుగుతాను!"

ఆయన లేవలేదు. ఉన్నవాడు ఉన్నట్టే ఫోను తీసి సుశ్మితకి చేశాడు. ఒక్క రింగుకే ఎత్తింది.

"ఏటైంది మావయ్యా?" భయంగా ఉంది ఆ గొంతు.

"అయిందమ్మా," అన్నాడు.

అటు వెనకాల బ్యాంకులో టోకెన్ నంబరు పిలుస్తున్న గొంతు వినపడుతోంది. ఆమె ముక్కు ఎగబీల్చుకుంటూ అడిగింది.

"మెత్తగానే ఉందా?"

నలభై ఏళ్ళుగా కటక్, విశాఖపట్నం వర్తకులకి ఫోన్లో సరుకు ఇలా ఉంది, అలా ఉంది అని చెప్పిన నోరు ఆయనది. ఆ నోటికి ఇప్పుడు బలం వచ్చింది. పంచె కొస ఎత్తి వెలుగులో పెట్టి చూసి చెప్పడం మొదలుపెట్టాడు.

"మేలు రకం తల్లీ. బొప్పాయి రంగు. గట్టి లేదు, మరీ నీళ్ళూ కాదు. ఉండ ఒక్కటీ లేదు, రక్తపు సుక్కా లేదు. వాసన కూడా బాగానే ఉంది. నా పంచె మొత్తం నిండిపోయింది."

ఆమె నవ్విందో ఏడ్చిందో ఆయనకి తెలియలేదు. ఆయనకైతే రెండూ వచ్చాయి.

"మేనేజరు గది బయట నిలబడున్నాను మావయ్యా. ఇప్పుడే లోపలికి రమ్మన్నారు," అంది.

వేణుగోపాలరావు ఆ మధ్య ఒకసారి ధీమాగా చెప్పి చూశాడు, దాని సంబడం తెలిసింది. ఒళ్ళో చిన్నమ్మి తేలికపడి, ఆయన వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. ఆయన చటుక్కున వేలు వెనక్కి లాక్కున్నాడు.

"నేనేటీ సెప్పనమ్మా. నీ ఇష్టం," అన్నాడు.

అటు ఆమె చెప్పుల చప్పుడు వినపడింది, టోకెన్ పిలిచే గొంతు దగ్గరైంది. తర్వాత కౌంటరు దగ్గర కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరితోనో ఆమె "పాస్‌బుక్కు ఇటివ్వండి" అనడం వినపడ్డాయి. ఆ తర్వాత ఫోన్లోకి, తొందర తొందరగా, రోజూ చెప్పే మాటే చెప్పింది.

"సాయంత్రం బస్సుకి వస్తాను మావయ్యా. ఈలోగా మీరు పంచె మార్సుకోండి."